ఇన్ఫినిటీ గుర్తును నమ్మి లెన్స్ అమ్ముకోకండి: మాన్యువల్ ఫిష్‌ఐపై అపోహలు, వాస్తవాలు

పోయిన ఆదివారం సాయంత్రం గాజువాక నుంచి ఒక కుర్రవాడు బీచ్ రోడ్డుకు వచ్చి నన్ను కలిశాడు. సంచిలో నుంచి అట్టపెట్టె తీసి, "సార్, దీన్ని ఎంతకో ఒకంతకు ఎవరికైనా ఇప్పించండి, నాకు డిఫెక్ట్ పీసు తగిలింది" అన్నాడు. పెట్టెలో ఉన్నది మాన్యువల్ ఫిష్‌ఐ లెన్స్, అంటే ఫోకస్‌ను చేత్తో తిప్పుకోవలసిన, ఎదుటి దృశ్యమంతా వంపుతో ఒకే ఫ్రేములో పట్టే లెన్స్. కొని మూడు వారాలు కూడా కాలేదు. ఇంట్లో రెండు నెలలు బతిమాలి డబ్బు తీసుకుని కొన్నాడట. పగలు తీసినవి బాగానే వస్తున్నాయని, రాత్రి తీసినవన్నీ మసకబారుతున్నాయని, స్నేహితులను అడిగితే "చౌక లెన్స్ అంటే అంతేరా" అన్నారని దిగులుగా చెప్పుకొచ్చాడు.

హోటళ్లకు, ఫంక్షన్ హాళ్లకు ఫొటోలు తీస్తూ, సెలవు రోజుల్లో కొత్తవారికి కెమెరా నేర్పుతూ పదేళ్లకు పైగా విశాఖలో ఉన్న నాకు ఈ ఫిర్యాదు కొత్తేమీ కాదు. ఇలా నా చేతికి వచ్చిన లెన్సుల్లో నిజంగా లోపమున్నది ఒక్కటంటే ఒక్కటే, మిగిలిన వాటి యజమానులు ఫోకస్ రింగ్ మీద "చాలా దూరం" అన్న అర్థంలో అచ్చువేసిన ఇన్ఫినిటీ (∞) గుర్తును నమ్మి మోసపోయినవారు. ఎవరినీ అడగకుండా సగం ధరకు అమ్మేసుకున్నవారి సంగతి తరవాత తెలిసి నాకే ప్రాణం ఉసూరుమంటుంది. అందుచేత ఆ గుర్తు గురించే ముందుగా, ఎక్కువగా రాస్తాను.

అపోహ: ఫిష్‌ఐకి ఫోకస్ చేయనక్కరలేదు, రింగును ఇన్ఫినిటీ గుర్తు మీద పెట్టి వదిలేస్తే చాలు.

వాస్తవం: ఈ మాటలో సగం నిజం ఉండబట్టే ఇది ఇంతకాలం బతికింది. క్రాప్ సెన్సర్ (ఫొటో పడే పలక చిన్నదిగా ఉన్న) కెమెరా మీద 8 ఎం.ఎం. లెన్స్‌ను ఎఫ్ 8 దగ్గర, అంటే వెలుతురు వచ్చే రంధ్రాన్ని (అపర్చర్‌ను) చిన్నది చేసి వాడితే హైపర్‌ఫోకల్ దూరం సుమారు 40 సెంటీమీటర్లు, అంటే ఫోకస్ నిజంగా 40 సెంటీమీటర్ల దగ్గర నిలిస్తే 20 సెంటీమీటర్ల నుంచి ఎదుటి కొండ శిఖరం వరకు అంతా స్పష్టంగానే వస్తుంది. చెప్పేవారందరూ ఈ లెక్కను ఒప్పజెబుతారు, "నిజంగా" అన్న మాటను మాత్రం మింగేస్తారు.

రింగ్ తిప్పినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడండి. 50 ఎం.ఎం. లెన్స్‌లో ఫోకస్‌ను ఇన్ఫినిటీ నుంచి 1 మీటరుకు తేవాలంటే అద్దాలు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. అదే పని 8 ఎం.ఎం. లెన్స్‌లో 0.064 మిల్లీమీటరు కదలికతో అయిపోతుంది, అది మన తలవెంట్రుక మందమంత. లెన్స్ బిగించేటప్పుడు గాని, కెమెరా మౌంట్‌లో (లెన్స్ బిగించే చోట) గాని, రెండింటినీ కలిపేందుకు మధ్యలో పెట్టిన అడాప్టర్‌లో గాని వెంట్రుకవాసి తేడా వస్తే రింగ్ మీది అంకెలన్నీ తప్పుతాయి. అడాప్టర్ 0.1 మిల్లీమీటరు మందం ఎక్కువైందనుకుందాం. 50 ఎం.ఎం. లెన్స్ ఇన్ఫినిటీ గుర్తు దగ్గర 25 మీటర్ల దూరాన్ని ఫోకస్ చేస్తుంది, కాబట్టి చాలా ఫొటోల్లో ఆ తేడాను ఎవరూ పసిగట్టరు. 8 ఎం.ఎం. లెన్స్ మాత్రం అదే తేడాతో 64 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అడాప్టర్ పలచనైతే వ్యవహారం తిరగబడి, రింగ్ ఇన్ఫినిటీని దాటిపోతుంది, అప్పుడు దగ్గరిదీ దూరానిదీ ఏదీ ఫోకస్‌లో ఉండదు. ఆటోఫోకస్ లెన్స్‌లో కూడా ఇటువంటి తేడాలుంటాయి గాని, కెమెరా సెన్సర్‌ను చూసి సరిదిద్దుకుంటుంది కనుక మనకు తెలియదు. మాన్యువల్ లెన్స్‌కు ఆ దిద్దుబాటు మనమే చేయాలి.

మరి పగలు ఎందుకు బాగుంటుంది? 0.1 మిల్లీమీటరు ఫోకస్ తప్పితే ఎఫ్ 8 దగ్గర సెన్సర్ మీద పడే మసక చుక్క వ్యాసం 0.0125 మిల్లీమీటరు. క్రాప్ సెన్సర్‌కు 0.02 వరకు సరిపెట్టుకోవచ్చని మామూలుగా లెక్కవేస్తారు కాబట్టి పగటి ఫొటో గట్టెక్కుతుంది. చీకటి పడ్డాక వెలుతురు కోసం అపర్చర్‌ను ఎఫ్ 2.8కి తెరుస్తాం. అప్పుడు అదే చుక్క 0.036కి పెరిగి, వీధిదీపాలన్నీ బూరెల్లా ఉబ్బుతాయి. లెన్స్ రాత్రికి పనికిరాదన్న పుకారు పుట్టింది ఇక్కడే. తప్పు పగలూ ఉంది, ఎఫ్ 8 దాన్ని కప్పిపుచ్చింది, అంతే.

ఆ కుర్రవాడికి ఈ లెక్కలన్నీ చెప్పలేదు. చీకటి పడేదాకా ఆగి, కెమెరాను బీచ్ పిట్టగోడ మీద కదలకుండా పెట్టించాను. డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ వెలుగు నిలకడగా ఉండదు కనుక, హార్బర్ బయట లంగరేసి ఉన్న ఓడల దీపాలను ఎంచుకున్నాం. అపర్చర్ పూర్తిగా తెరిచి, స్క్రీన్ మీద ఒక దీపాన్ని పది రెట్లు పెద్దది చేసి, రింగును ఇన్ఫినిటీ నుంచి వెనక్కి మెల్లగా తిప్పమన్నాను. పత్తికాయలా ఉన్న వెలుగు తగ్గుతూ తగ్గుతూ ఆవగింజంతై, ఇంకాస్త తిప్పగానే మళ్లీ విచ్చుకుంది. కాస్త ముందుకు తిప్పి ఆవగింజ దగ్గర ఆపాక రింగ్ వైపు చూస్తే, అది 1, 2 అంకెల మధ్య నిలిచి ఉంది. అతను స్క్రీన్‌నీ రింగునీ మార్చి మార్చి చూసి, "మరి ఇక్కడ మీటరని రాసి ఉంది కదా సార్?" అన్నాడు. "అది రాసినవాడు నీ కెమెరాను చూడలేదు నాన్నా" అన్నాను. నా సంచిలో ఎప్పుడూ ఉండే తెల్ల నెయిల్ పాలిష్ సీసా తీసి, రింగ్ మీద ఒక చుక్క, దానికెదురుగా లెన్స్ గొట్టం మీద ఇంకొక చుక్క పెట్టాను. ఆరేదాకా ఊదుకుంటూ నిలబడ్డాడు.

మీరు కూడా ఇంతే చేయండి. ఓడలే కావాలని లేదు, ఇటువంటి లెన్స్‌కు ఇరవై మీటర్ల అవతలి వీధిదీపమైనా ఇన్ఫినిటీ కిందే లెక్క. పరీక్ష మాత్రం అపర్చర్ పూర్తిగా తెరిచే చేయాలి, ఎఫ్ 8 దగ్గర చేస్తే అన్నీ బాగున్నట్టే కనిపించి మళ్లీ మోసపోతారు. ఫోకస్‌లో ఉన్న అంచులకు స్క్రీన్ మీద రంగు వేసి చూపే ఫోకస్ పీకింగ్‌ను కూడా ఇక్కడ నమ్మవద్దు, ఎందుకంటే ఫిష్‌ఐలో డెప్త్ (స్పష్టంగా కనిపించే దూరాల మేర) ఎక్కువ కనుక ఫ్రేమంతా రంగు గీతలు మెరిసి ఏది అసలైన ఫోకసో తేలదు. చుక్కలు పెట్టుకున్నాక, సంచిలో రాసుకుని రింగ్ తిరిగిపోకుండా చిన్న టేపు ముక్క అంటించండి. అడాప్టర్ మార్చినా, కెమెరా మార్చినా చుక్కలు చెరిపి మళ్లీ పరీక్షించుకోవాలి.

ఈ పాఠం నాకు ఉచితంగా రాలేదు. కొన్నేళ్ల క్రితం భీమిలి రోడ్డులో ఒక పెళ్లికి వెళ్లి, తలంబ్రాలు పోసుకునే సమయంలో ఫిష్‌ఐ బిగించి, రింగును ఇన్ఫినిటీ మీద పెట్టి, అపర్చర్ తెరిచి వరసగా అరవై ఫొటోలు తీశాను. కెమెరా వెనుక చిన్న తెర మీద అన్నీ ముత్యాల్లా ఉన్నాయి, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ఒక్క బియ్యపు గింజకు కూడా అంచు లేదు. పెళ్లికూతురి తండ్రి దగ్గరకు వెళ్లి విషయం చెప్పబోతే, ఆయనే నన్ను ఓదారుస్తూ, "మీరేం చేస్తారు బాబూ, లెన్స్ అలాంటిది దొరికింది" అన్నారు. ఆ మాటకు నేను తల ఊపాను. లెన్స్ మంచిదేనని, తప్పు నాదని తెలుసుకోవడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది, ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

అపోహ: ఫిష్‌ఐ కొంటే వైడ్ లెన్స్ కొనక్కరలేదు, వంకరలన్నీ సాఫ్ట్‌వేర్‌లో సరిచేయవచ్చు.

వాస్తవం: మధురవాడ వైపు ఫ్లాట్లు అమ్మే ఏజెంట్లు నన్ను తరచూ అడిగేది ఇదే. ఈ లెన్స్ స్వభావం పేరులోనే ఉంది. నీటి అడుగు నుంచి పైకి చూసే చేపకు ఆకాశమంతా, అంటే 180 డిగ్రీలూ, సుమారు 97 డిగ్రీల వలయంలో ఇమిడి కనిపిస్తుంది. 1906లో రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త నీళ్లు నింపిన కెమెరాతో అటువంటి చిత్రాలు తీసి ఈ పేరు పెట్టాడు. అంత లోకాన్ని చిన్న ఫ్రేములో పట్టించాలంటే గీతలు వంగక తప్పదు, వాటిని బలవంతంగా తిన్నగా చేస్తే అంచులు సాగుతాయి. మధ్య నుంచి 60 డిగ్రీల దూరంలో ఉన్న మనిషి ముఖం, గీతలు తిన్నగా చేసిన ఫొటోలో, మధ్యలోని ముఖంతో పోలిస్తే అంచు వైపు పోయే దిశలో నాలుగు రెట్లు, దానికి అడ్డంగా రెండు రెట్లు సాగుతుంది. ఇక 90 డిగ్రీల దగ్గర లెక్క అనంతానికి వెళ్లిపోతుంది కనుక, 180 డిగ్రీల దృశ్యాన్ని తిన్నని గీతలతో చూపడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ సాధ్యం కాదు, అంచులు కోసి పారేయవలసిందే. ఒకసారి ఒక కుటుంబం గ్రూపు ఫొటోను ఇలా సరిచేసి ఇస్తే, వరస చివర నిలబడ్డ మేనమామ గారి తల గుమ్మడికాయంతై, ఆయన నాతో ఏడాది పాటు మాట్లాడలేదు. గదులు ఉన్నవి ఉన్నట్టు చూపడమే మీ వృత్తి అయితే మామూలు వైడ్ లెన్స్ కొనుక్కోండి, ఇందులో రెండో మాట లేదు.

వంపును దాచేకన్నా దానికి అనువైన చోటు వెతకడం మేలు. ఫ్రేము మధ్య గుండా పోయే గీత ఫిష్‌ఐలో వంగదు. ఆర్.కె. బీచ్‌లో సముద్రపు అంచును సరిగ్గా మధ్యలో పెడితే అది తిన్నగానే వస్తుంది, కెమెరాను కిందికి వంచితే అదే అంచు గోళంలా ఉబ్బుతుంది, పైకెత్తితే గిన్నెలా లోతుపడుతుంది. గుండ్రటివి, వంకరటింకరవి ఉన్నచోట ఈ లెన్స్ సొంతింట్లో ఉన్నట్టుంటుంది. బొర్రా గుహల్లో తిన్నని గీత వెతికినా దొరకదు కనుక వంపు తెలియనే తెలియదు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధులు ముగించుకుని, మరుసటి ఏడాది నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. దాని లోపలి ఇరుకు దారిలో, తలుపు చట్రాలే గుండ్రంగా ఉన్నచోట, ఈ చూపు ఎంత సహజంగా ఇముడుతుందో ఊహించండి. కెమెరాకు అనుమతి సంగతి ముందే టికెట్ కౌంటర్‌లో అడిగి తెలుసుకోండి.

అపోహ: లెన్స్ బిగిస్తే కెమెరా "లెన్స్ లేదు" అంటోంది, అంటే పాడైనట్టే.

వాస్తవం: తన వివరాలు కెమెరాకు చెప్పే చిప్ లేని లెన్స్‌ను కెమెరా గుర్తించదు. సోనీ, కానన్, ఫుజీ మిర్రర్‌లెస్ కెమెరాల మెనూలో లెన్స్ లేకపోయినా షట్టర్ పనిచేసేలా ఒక ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. నికాన్‌లో ప్రాథమిక స్థాయి డి.ఎస్.ఎల్.ఆర్.లు చిప్ లేని లెన్స్‌తో వెలుతురు కొలవవు, ఎం (మాన్యువల్) మోడ్‌లో మీరే చూసుకోవాలి. బాడీలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉన్న కెమెరాకు ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎం.ఎం. అంకె) ఎంతో చేత్తో నమోదు చేయడం మరవకండి, 8 ఉండవలసిన చోట 50 అని ఉంటే కెమెరా అవసరానికి మించి సర్ది ఫొటోను తానే చెడగొడుతుంది.

అపోహ: ధర తక్కువ కనుక అద్దం నాసిరకం.

వాస్తవం: ఫోకస్ మోటారు, చిప్, అపర్చర్‌ను నడిపే విద్యుత్ భాగాలు ఏవీ లేకపోవడం వల్ల చాలా ఖర్చు మిగులుతుంది. పేర్లను బట్టి నాణ్యత నిర్ణయించే వారికి ఒక్క మాట చెబుతాను: సామ్యాంగ్ తయారుచేసే లెన్స్‌లే రోకినాన్, బోవర్, వాలిమెక్స్ పేర్లతోనూ అమ్ముడయ్యాయి, వాటిలో ఏది గొప్పదని వాదించుకునేవారిని నేను కళ్లారా చూశాను. క్రాప్ సెన్సర్ కోసం చేసిన లెన్స్‌ను ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద పెట్టి మూలలు నల్లగా వస్తున్నాయని వాపసు పంపేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు, పెట్టె మీద రాసింది చదవండి.

అపోహ: యు.వీ. ఫిల్టర్ పెడితే సముద్రపు గాలి ఏమీ చేయదు.

వాస్తవం: ముందు అద్దం బుడగలా ఉబ్బి ఉంటుంది కనుక చాలా ఫిష్‌ఐలకు ముందు ఫిల్టర్ పెట్టే వీలే ఉండదు. మూతే దిక్కు. ఉప్పు తుంపర పడితే చొక్కా అంచుతో రుద్దకండి, ముందు బ్లోయర్‌తో ఊది, తరవాత లెన్స్ ద్రవంతో తడిపిన మెత్తని గుడ్డతో తుడవండి. మన ఊరి చెమ్మకు ఏ ధర లెన్స్‌కైనా ఫంగస్ పడుతుంది, గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచితే చాలావరకు ఆగుతుంది.

గాజువాక కుర్రవాడు ఆ రాత్రి లెన్స్‌ను పెట్టెలో పెట్టుకుని తిరిగి వెళ్లాడు. రెండు రోజుల తరవాత వాళ్ల డాబా మీద నుంచి తీసిన ఫొటో పంపాడు. అపర్చర్ పూర్తిగా తెరిచి తీసినదే అయినా దూరంగా దీపాలన్నీ సూదిమొనల్లా ఉన్నాయి. ఫొటో అడుగున అతని రెండు చెప్పుల కొసలూ పడ్డాయి, వాటి మీది కుట్లు కూడా లెక్కపెట్టవచ్చు.