పప్పు ఉడకని నీళ్లలో రొయ్యల సంసారం

కర్నూలు ఇళ్లల్లో రెండు రకాల నీళ్లు వాడతారు. కుళాయికి వచ్చే తుంగభద్ర నీళ్లు ఒకటి, మోటరేస్తే వచ్చే బోరు నీళ్లు ఒకటి. ఏవి ఏవో తెలుసుకోవడానికి వంటింట్లో ల్యాబు అక్కర్లేదు. చాలా బోర్ల నీళ్లలో కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద ఉన్నా పలుకు పలుకుగానే ఉంటుంది. సబ్బు నురగ రాదు. బకెట్ అంచున తెల్లగా సున్నం కడుతుంది. నీళ్లలో కరిగున్న కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌ను పట్టుకుని బిగించేస్తుంది కాబట్టి గింజ మెత్తబడదు.

ఇక్కడ పెద్ద అక్వేరియం పెట్టి, అందులో మొక్కలు నాటి, చేపల్నీ చిట్టి రొయ్యల్నీ పెంచాలనుకునేవాళ్లకు మొదట వచ్చే సందేహం కూడా నీళ్ల గురించే. "బోరు నీళ్లల్లో ఏం బతకదులేన్నా" అనే మాట తరచుగా వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. కాల్షియం నీళ్లు చెడ్డవి కావు. వాటిలో ఎవరు హాయిగా ఉంటారు, ఎవరు ఉండలేరు అన్నది తెలిస్తే చాలు. ఆ లెక్కన జీవాల్ని ఎంచుకుంటే కాల్షియం తక్కువున్న మెత్తటి నీళ్లకు లేని బలం కాల్షియం ఎక్కువున్న మన గట్టి నీళ్లకు ఉంది. రాయలసీమలో అక్వేరియంకు అసలు పరీక్ష పెట్టేది ఎండాకాలం.

ముందు సైజు సంగతి. నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టిలో దాదాపు 340 లీటర్లు పడతాయి. అంటే నీళ్ల బరువే 340 కిలోలు. అద్దం, ఇసుక, రాళ్లు కలిపితే 450 కిలోలు దాటుతుంది. చిన్న తొట్టి కంటే పెద్దదాన్ని చూసుకోవడమే సులువు. అది మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది. ఒక చేప చచ్చి కంటపడకపోయినా ఆ కుళ్లు అన్ని నీళ్లలో పలచబడుతుంది. దిమ్మె మాత్రం గట్టిగా కట్టించాలి, పైన కడప బండ పరిస్తే చాలా బాగుంటుంది. అదే బండ ముక్కను అందంగా ఉందని తొట్టి లోపల పెట్టాలనుకుంటే కాస్త ఆలోచించాలి.

కడప బండ, బేతంచెర్ల బండ రెండూ సున్నపురాయి జాతివే. మేకుతో గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్కో, జాగ్రత్తగా బాత్రూం కడిగే యాసిడ్ చుక్కో వేసి దగ్గర్నుంచి చూడండి. సన్నటి బుడగలు లేస్తాయి. రాయిలోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లంలో కరుగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతోందన్నమాట. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు ఏర్పడింది కూడా ఈ రసాయన చర్యతోనే. నేలలోంచి దిగే నీళ్లు దారిలో కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారి, లక్షల ఏళ్లలో సున్నపురాయిని తినేసి 3,229 మీటర్ల గుహను మిగిల్చాయి. మొక్కల కోసం తొట్టిలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలినప్పుడూ ఇదే జరుగుతుంది, కాకపోతే మన కళ్ల ముందే. రాయి కొద్దికొద్దిగా కరిగి, అసలే గట్టిగా ఉన్న నీళ్లను ఇంకా గట్టిపరుస్తుంది. అనంతపురం వైపు గుట్టల్లోని గ్రానైటుకూ, గండికోట లోయలో ఎర్రగా కనిపించే క్వార్ట్‌జైట్ లాంటి రాళ్లకూ ఈ బెడద లేదు. లోపల పెట్టడానికి ఆ జాతి రాళ్లు మేలు.

నీళ్లను కొలవడానికి చాలామంది పెన్నులాంటి టీడీఎస్ మీటర్ కొంటారు. పనికొచ్చేదే, కానీ అది ఉప్పులన్నిటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. అందులో కాల్షియం ఎంతో, మామూలు ఉప్పు ఎంతో చెప్పలేదు. చుక్కలు వేసి రంగు మారే దాకా లెక్కపెట్టే జీహెచ్, కేహెచ్ కిట్లే నమ్మకం. జీహెచ్ అంటే కాల్షియం, మెగ్నీషియంల మోతాదు. కేహెచ్ అంటే ముఖ్యంగా బైకార్బొనేట్ మోతాదు. ఈ కిట్లు చూపే ఒక్కో డిగ్రీ లీటరుకు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానం. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్ల గట్టితనం, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్లు ఆ పై అంచుకు దగ్గరగా ఉంటే సగం నది నీళ్లో, ఆర్వో క్యాను నీళ్లో కలపండి. ఒట్టి ఆర్వో నీళ్లే నింపడం మాత్రం తప్పు. అందులో రొయ్య పెంకుకు కావలసిన కాల్షియం ఉండదు.

మొక్కల దగ్గర ఈ నీళ్ల బలం తెలుస్తుంది. నేల మీది మొక్కకు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తేలిగ్గా అందుతుంది. నీళ్లలో ఆ వాయువు వ్యాపించే వేగం గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు తక్కువ. అందుకే నీటి మొక్క వెలుతురున్నా, ఎరువున్నా కార్బన్ కోసం ఆకలితో ఉంటుంది. అయితే కొన్ని మొక్కలు నీళ్లలోని బైకార్బొనేట్‌ను విడగొట్టి అందులోంచి కార్బన్ తీసుకోవడం నేర్చుకున్నాయి. రిబ్బన్ లాంటి ఆకులుండే వాలిస్నేరియా, మన చెరువుల్లో కాలువల్లో పెరిగే హైడ్రిల్లా ఆ కోవకే చెందుతాయి. గట్టి నీళ్లు వాటికి నిండు గాదె. వెలుతురు బాగా పడిన రోజు సాయంత్రం వాలిస్నేరియా ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగి చూడండి, సన్నగా గరుగ్గా తగులుతుంది. ఆకు బైకార్బొనేట్‌ను వాడుకున్నాక దాని పైన పేరుకున్న సున్నం అది.

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్లు మార్చకుండా చేపల్ని బతికించవచ్చని చూపించింది ఈ వాలిస్నేరియాతోనే. గోల్డ్ ఫిష్, వాలిస్నేరియా పెట్టాడు. ఆకులు కుళ్లి నీళ్లు మురికవుతుంటే వాటిని తినడానికి నత్తల్ని వేశాడు, అప్పుడు కుదురుకుంది. లండన్ నీళ్లు కూడా కాల్షియం ఎక్కువున్న నీళ్లే.

మొదటిసారి పెట్టేవాళ్లు వాలిస్నేరియాను వెనక వరుసలో నాటి, ముందు రాళ్లకు అనుబియాస్, జావా ఫెర్న్ మొక్కల్ని దారంతో కట్టి, అక్కడక్కడ జావా మాస్ అనే నాచు వేస్తే చాలు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అవసరమే రాదు. అనుబియాస్ దుంపను ఇసుకలో పూడ్చకండి, కుళ్లిపోతుంది. ఎర్రటి ఆకుల మొక్కలు కావాలంటే సిలిండర్ పెట్టుకోవాల్సిందే. అప్పుడు కేహెచ్, పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) రెండూ చూసి లెక్క కట్టాలి. కేహెచ్ 10 ఉన్న నీళ్లలో పీహెచ్ 7కు దిగితే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టు. మొక్కలకు అంతకు మించి అవసరం లేదు, చేపలకు అంతకు మించి క్షేమం కాదు. లైటు ఆరగానే గ్యాసు కూడా ఆగాలి. లైటుకు టైమర్ పెట్టి రోజుకు ఏడెనిమిది గంటలు వెలిగించండి. ఎక్కువ వెలిగిస్తే మొక్కల కంటే ముందు పాచి లాభపడుతుంది.

ఇక కంటికి కనిపించని కాపురం. చేపలు తమ వ్యర్థాన్ని ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియాగా వదులుతాయి. దాన్ని కొన్ని సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని చాలా కాలం పుస్తకాల్లో ఉండేది. మంచినీటి అక్వేరియాల్లో ఆ పని ఎక్కువగా నైట్రోస్పైరా చేస్తోందని 1998లో తేలింది. 2015లో ఇంకో వింత బయటపడింది. నైట్రోస్పైరా జాతిలోనే కొన్ని అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పనిని ఒంటరిగా చేయగలవు. వాటిలో కొన్ని దొరికింది కూడా చేపల పెంపకానికి వాడే ఫిల్టరులోనే. ఈ సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో, ఇసుకలో, ఆకుల మీద స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మన నీళ్లలో జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంత హాని చేయని అమ్మోనియం, రెండోది మొప్పల్ని కాల్చే అమ్మోనియా. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం 0.6 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. అంటే కిట్‌లో అదే రంగు కనిపించినా, పీహెచ్ 8 ఉండే మన బోరు నీళ్లలో ప్రమాదం దాదాపు పది రెట్లు. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. పదిమందికి చూపించాలన్న తొందరలో మొదటి వారమే ఇరవై చేపలు వేస్తే జరిగే నష్టం ఇదే. నాలుగైదు వారాలు మొక్కలతోనే నడపండి. మొక్కలు కూడా అమ్మోనియంను ఇష్టంగా తీసుకుంటాయి. ఆ తర్వాత కొద్దికొద్దిగా చేపల్ని వేయండి.

ఇదే నీళ్లకున్న మేలు కూడా చెప్పాలి. అమ్మోనియా నైట్రేట్‌గా మారే క్రమంలో ఆమ్లం పుడుతుంది. మెత్తటి నీళ్లలో అది పోగై పీహెచ్ ఒక్కసారిగా పడిపోవచ్చు. గట్టి నీళ్లలోని బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. ఒకసారి కుదురుకున్న రాయలసీమ అక్వేరియం అంత తేలిగ్గా చెదరదు. ఫిల్టరు స్పాంజిని మాత్రం క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లలో కడగకండి, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

రొయ్యల గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. మన తొట్లకు సరిపోయేది చెర్రీ రొయ్య. శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి, పెద్దయినా అంగుళంన్నర మించదు. చైనా, తైవాన్ ప్రాంతాల నుంచి వచ్చింది, గట్టి నీళ్లను బాగా ఓర్చుకుంటుంది. తెలుపు ఎరుపు పట్టీలుండే క్రిస్టల్ రొయ్య అందంగా ఉంటుంది కానీ దానికి మెత్తటి చల్లటి నీళ్లు కావాలి. కర్నూలు మే నెలలో దాన్ని ఉంచడం దానికి శిక్ష.

చెర్రీ రొయ్య కుబుసం విడిచేటప్పుడు చూడడం కుదిరితే వదులుకోకండి. మాస్ మీద కదలకుండా నిలబడుతుంది. ఒళ్లు నీళ్లతో ఉబ్బి, తలకూ నడుముకూ మధ్య వెనకవైపు పెంకు చిట్లుతుంది. ఒక్క విదిలింపుతో వీపు ముందుగా బయటపడుతుంది. మీసాలు, కాళ్లు, కంటి పొరతో సహా గాజు బొమ్మలాంటి పాత పెంకు అక్కడే నిలిచిపోతుంది. కొందరు దాన్ని చచ్చిన రొయ్య అనుకుని టెన్షన్ పడి తీసి పారేస్తారు. ఉంచేయండి, మిగతా రొయ్యలు దాన్ని తిని ఖనిజాల్ని తిరిగి పొందుతాయి. కొత్త పెంకు గట్టిపడే దాకా ఆ రొయ్య దాక్కుంటుంది. గట్టిపడడానికి కావలసిన కాల్షియం మన నీళ్లలో పుష్కలం. పెద్దయిన ఆడ రొయ్య కుబుసం విడవగానే దాని వాసన నీళ్లలో పాకి మగ రొయ్యలన్నీ తొట్టంతా పిచ్చిగా ఈదుతాయి. తర్వాత తల్లి పొట్ట కింద ఇరవై ముప్పై గుడ్లు మోస్తూ, చిన్న కాళ్లతో వాటికి నీళ్లు విసురుతూ ఉంటుంది. నెల రోజులకు బయటికొచ్చే పిల్లలు అచ్చం పెద్దవాటిలాగే ఉంటాయి.

రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగి ఉన్న హిమోసయనిన్. అయినా నీళ్లలో రాగి కాస్త కలిసినా రొయ్య చచ్చిపోతుంది. రాగి బిందెలో నిల్వ పెట్టిన నీళ్లు తొట్టిలో పోయకండి. చేపల జబ్బుకు ఇచ్చే మందుల్లో కూడా చాలావాటిలో రాగి ఉంటుంది, సీసా మీద చదవాలి. దోమల కోసం ప్లగ్గుకు పెట్టే మందులూ, కాయిల్సూ చాలావరకు పైరెత్రాయిడ్ జాతివి. మనుషులకు అంతగా హాని చేయని ఆ మందు చేపలకూ రొయ్యలకూ తీవ్రమైన విషం. తొట్టి ఉన్న గదిలో దోమతెరే నయం. కాలువ నుంచి తెచ్చిన మొక్కల్లో పొలం మందు అంటి ఉండొచ్చు, కాబట్టి నీళ్లు మారుస్తూ వారం పది రోజులు బకెట్లో విడిగా ఉంచాలి. తిండికి వీధి బాదం చెట్టు కింద రాలిన ఎండుటాకు ఒకటి కడిగి వేయండి. నీళ్లు పలచటి డికాషన్ రంగుకు తిరుగుతాయి. ఆకు మీద పేరుకునే జిగురు పొరను రొయ్యలు రోజంతా గీక్కుని తింటాయి.

చేపల్లో గప్పీ, ప్లాటీ, మోలీలు గట్టి నీళ్లకు అలవాటైనవి. మన దేశపు జీబ్రా చేప ఇంకా గట్టిది. అమెజాన్ మెత్తటి నీళ్ల నియాన్ టెట్రా, డిస్కస్‌లను ఇక్కడ బలవంతం చేయొద్దు. గప్పీ అయినా రొయ్య పిల్లను మింగుతుంది కాబట్టి మాస్ దట్టంగా ఉండాలి.

ఎండాకాలం దగ్గరికి వస్తే, మేలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ నిలుస్తుంది, 35 డిగ్రీల్లో 7 దగ్గరే ఆగిపోతుంది. వేడికి చేప ఒంట్లో జీవక్రియ పెరిగి ఆక్సిజన్ అవసరమేమో ఎక్కువవుతుంది. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రాత్రంతా ఎయిర్ పంపు నడవాలి.

చల్లబరచడానికి వేల రూపాయల చిల్లర్ కంటే ముందు మూత తీసి, నీటి పైభాగానికి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టి చూడండి. లీటరు నీళ్లు ఆవిరైతే అవి తీసుకుపోయే వేడి 340 లీటర్లను దాదాపు 1.7 డిగ్రీలు చల్లార్చగలదు. గదిలోంచి తిరిగి వచ్చే వేడి వల్ల అంతా దక్కదు కానీ రెండు మూడు డిగ్రీలు దిగడం ఖాయం. కోస్తాలో గాలి చెమ్మగా ఉంటుంది కాబట్టి ఇంత పని చేయదు. రాయలసీమ పొడిగాలి ఈ ఒక్క విషయంలో మనకు పెద్ద సాయం. ఆవిరైన చోట బోరు నీళ్లు పోయకండి. ఆవిరి వెళ్లిపోతుంది, సున్నం మిగిలిపోతుంది, నెల తిరిగేసరికి నీళ్లు ఇంకా గట్టిపడతాయి. ఆ లోటుకు ఆర్వో నీళ్లో, పట్టి ఉంచిన వాననీళ్లో పోయాలి.

కరెంటు పోతే ఫిల్టరులో నీళ్లు నిలిచి సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అందదు. స్పాంజి ఫిల్టరును నడిపే ఎయిర్ పంపుకు నాలుగైదు వాట్లు చాలు, ఇంట్లోని ఇన్వర్టరుకు దాన్ని కలిపి ఉంచండి. తొట్టి బయట మూసిన డబ్బాలా ఉండే క్యానిస్టర్ ఫిల్టరు గంటల తరబడి ఆగితే, దాన్ని తిరిగి వేసేముందు అందులో నిలిచిన నీళ్లను పారబోయాలి.

వారానికి పాతిక శాతం నీళ్లు మార్చాలంటే 85 లీటర్లు. నీళ్లకు కటకటలాడే ఊళ్లో ఇది చిన్న మొత్తం కాదు. మోరీలో పోయకుండా కరివేపాకు, మల్లె పాదులకు పోయండి, అందులోని నైట్రేట్ వాటికి ఎరువు. పెరిగిపోయిన మొక్కల్నీ, ఎక్కువైన చేపల్నీ మాత్రం హంద్రీలోనో కేసీ కాలువలోనో వదలొద్దు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియాల కోసం వచ్చిన సక్కర్ చేప ఇలాగే బయటపడి ఆంధ్ర చెరువుల్లో, నదుల్లో పాకి, జాలర్ల వలల్ని చించుతోంది. తుంచిన మొక్కల్ని పూర్తిగా ఎండబెట్టి ఎరువు గుంతలో వేయండి. గప్పీ పిల్లలు ఎక్కువైతే అక్వేరియం షాపులో అడగండి, తీసుకునేవాళ్లు ఉంటారు.