‘రూల్ అవుట్’ కనిపించగానే ఓ36 వేసేస్తున్నారా? ప్రెగ్నెన్సీ స్కాన్ కోడింగ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: డాక్టర్ స్కాన్ ఆర్డర్‌లో "రూల్ అవుట్ ఐయూజీఆర్" (కడుపులో బిడ్డకి ఎదుగుదల లోపం లేదని తేల్చుకోండి) అని ఉంటే ఓ36.59 (ఎదుగుదల లోపానికి తల్లి చార్టులో వేసే కోడ్) వేసేయొచ్చు.

వాస్తవం: వేయకూడదు. మెడికల్ కోడింగ్ (ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం చార్టుని కోడ్లుగా మార్చే పని) ఆడిట్‌లో నేను వెనక్కి పంపే చార్టుల్లో ఎక్కువ ఇవే. కోడర్లని అడిగితే ఒకటే జవాబు: "కోడ్ పేరులోనే ‘నోన్ ఆర్ సస్పెక్టెడ్’ (తేలినా, అనుమానమున్నా) అని ఉంది కదండీ!" ఉంది. కానీ స్కాన్ అయ్యాక కూడా అనుమానం తీరకపోతేనే ఆ మాట. ఎదుగుదల బాగానే ఉందని ఆ రోజే తేలిపోతే జెడ్03.74 (అనుమానించారు, కానీ లేదని తేలింది అనే కోడ్). ఎటూ తేలకపోయినా, సమస్య ఖాయమైనా ఓ36. ఐసీడీ-10-సీఎం (అమెరికాలో వాడే రోగనిర్ధారణ కోడ్ల పద్ధతి) గైడ్‌లైన్స్‌లో ఇది రాసే ఉంది, తెరిచి చూసేవాళ్లే తక్కువ.

ఇందులో ఇంకో మెలిక ఉంది, నేనూ పడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చార్ట్ వచ్చింది. 32 వారాలు, "సైజ్ లెస్ దేన్ డేట్స్ (వారాలకి తగ్గ సైజు లేదు), రూల్ అవుట్ ఐయూజీఆర్". రిపోర్ట్ నార్మల్. గైడ్‌లైన్ అప్పుడే చదివిన హుషారులో జెడ్03.74 కొట్టాను. ఎర్రర్ పడిందని మెయిల్ వచ్చింది. అనుమానానికి సంబంధించిన లక్షణం చార్టులో ఉంటే జెడ్03.7 పనికిరాదు, ఆ లక్షణానికే కోడ్ వేయాలి: ఓ26.843 (సైజు, వారాల తేడా), తోడుగా జెడ్3ఎ.32 (32 వారాలని చెప్పే కోడ్). ఆ మెయిల్ చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాబట్టి కొత్తవాళ్ల టెన్షన్ నాకు తెలియంది కాదు.

అయినా దీన్నే పట్టుకుని ఎందుకు చెబుతున్నానంటే, తప్పుగా వేసిన ఓ36 క్లెయిమ్‌తో పోదు. బిడ్డ చక్కగా ఉన్నా తల్లి రికార్డులో ఎదుగుదల లోపం అని ఉండిపోతుంది. ఆన్‌లైన్ పేషెంట్ పోర్టల్‌లో అది ఆమె కంట పడితే?

అపోహ: రొటీన్ స్కాన్ ఏదైనా జెడ్36.9 (ఏ స్క్రీనింగో చెప్పని కోడ్) చాలు.

2017 అక్టోబర్ 1న జెడ్36ని (గర్భిణుల స్క్రీనింగ్ కోడ్) విడగొట్టారు. అవయవ లోపాల స్క్రీనింగ్‌కి జెడ్36.3, సర్వైకల్ లెంగ్త్‌కి (గర్భాశయ ముఖద్వారం పొడవు) జెడ్36.86. ఇంకా పాత అలవాటేనా?

అపోహ: స్క్రీనింగ్‌లో ఏదైనా బయటపడితే జెడ్36 తీసేయాలి.

అక్కర్లేదు. ముందు జెడ్36, తర్వాత బయటపడిన సమస్య. అన్నట్టు, జెడ్34ని (మామూలు గర్భం చెకప్ కోడ్) మాత్రం ఓ36 లాంటి, ‘ఓ’తో మొదలయ్యే కోడ్ల పక్కన పెట్టకండి.

అపోహ: ‘పే అయ్యే కోడ్ల లిస్ట్’ (ఇన్సూరెన్స్ డబ్బులిచ్చే కోడ్లు) చేతిలో ఉంటే చాలు.

వాట్సాప్‌లో తిరిగే ఆ లిస్ట్ దయచేసి డిలీట్ చేయండి. కోడ్ చార్టులోంచి రావాలి. స్కాన్ ఎందుకో కారణం రాయకపోతే డాక్టర్‌కి క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పెట్టాలి. మొన్న మా టీమ్‌లో ఒకమ్మాయి, టార్గెట్ పోతుందని భయపడుతూనే పెట్టింది. వచ్చిన జవాబు రెండే మాటలు: "డేట్స్ అన్‌సర్టెన్". గర్భం తేదీలు సరిగ్గా తెలియనప్పుడు వేసే జెడ్36.87 వేసి తర్వాతి చార్ట్ తెరిచింది.