ఎరుపు వేరు, కారం వేరు

మిరపకాయ ఎంత ఎర్రగా ఉంటే అంత కారంగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. నిజానికి రంగునిచ్చే పదార్థం వేరు, కారాన్నిచ్చే పదార్థం వేరు. కాయలో అవి తయారయ్యే చోట్లు కూడా వేరే. ఎరుపుకు ప్రధాన కారణమైన కాప్సాంథిన్, కాయ పండేకొద్దీ తోలులో పేరుకుంటుంది. కారానికి మూలమైన కాప్సైసిన్ మాత్రం లోపల పుడుతుంది. ఒక పచ్చిమిరపకాయను నిలువునా చీల్చి చూస్తే, తొడిమ దగ్గర మొదలై కిందికి దిగే తెల్లని మెత్తటి భాగం, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న గింజలు కనిపిస్తాయి. కాప్సైసిన్ తయారయ్యేది ఆ తెల్లని భాగంలోనే. గింజలకు కారం దాని నుంచి అంటుకున్నదే.

మన దేశపు మిరప రకాలను ఈ దృష్టితో చూస్తే వాటి తేడాలు తేలిగ్గా అర్థమవుతాయి. కర్ణాటకలోని హావేరి జిల్లాకు చెందిన, 2011లో భౌగోళిక గుర్తింపు పొందిన బ్యాడగి మిర్చి ముడతలు పడి ముదురు ఎరుపులో మెరుస్తుంది కానీ దానిలో కారం తక్కువ. వరంగల్ ప్రాంతంలో టొమాటో మిర్చి అని పిలిచే గుండ్రటి చపాటా కూడా అలాంటిదే. దానికి ఈ గుర్తింపు 2025లో దక్కింది. ఆహార పరిశ్రమ ఇలాంటి కాయల నుంచి సహజమైన ఎరుపు రంగును తీస్తుంది. ఖమ్మం మార్కెట్‌కు పేరు తెచ్చిన తేజ రకం ఇందుకు పూర్తిగా భిన్నం: కాయ సన్నం, ఘాటు ఎక్కువ. గుంటూరు సన్నం కారంలో ఈ రెండు కొసల మధ్య నిలుస్తుంది. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా సంగతి వేరు. కారాన్ని కొలిచే స్కోవిల్ యూనిట్లలో 10 లక్షలు దాటిన ఆ కాయను 2007లో గిన్నిస్ సంస్థ ప్రపంచంలోకెల్లా కారమైనదిగా ప్రకటించింది.

బ్యాడగినీ ఘాటైన రకాన్నీ కలిపి కారం పట్టించే అలవాటు రసాయన శాస్త్రపరంగా ఎంతో సబబైనదని నా అభిప్రాయం, ఎందుకంటే రంగూ ఘాటూ రెండూ ఒకే కాయలో కావలసినంత దొరకడం అరుదు.

నిల్వలోనూ ఈ తేడా బయటపడుతుంది. వెలుతురు, గాలి, వేడి తగిలితే కాప్సాంథిన్ వంటి రంగు పదార్థాలైన కెరోటినాయిడ్లు విచ్ఛిన్నమై కాయ వెలిసిపోతుంది. కారం మాత్రం అంత త్వరగా తగ్గదు. కొనుగోలుదారు ముందుగా చూసేది రంగునే కాబట్టి, వెలిసిన కాయకు ఘాటు మిగిలి ఉన్నా ధర పడిపోతుంది. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఏర్పడటానికి, మంచి ధర వచ్చేదాకా సరుకును ఆపుకోవడంతో పాటు ఆ ఎరుపును కాపాడుకోవడమూ ఒక కారణం.