కెనడాలో లోకల్ ఫ్రెంచ్ టీవీ: అపోహలు, వాస్తవాలు

ఈ మధ్య హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఫ్రెంచ్ గురించే. కెనడాలో శాశ్వత నివాసం (పీఆర్) కోసం ఉన్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి విడిగా డ్రాలు తీస్తున్నారు. కటాఫ్ స్కోరు మామూలు డ్రాల కన్నా బాగా తక్కువ ఉంటోంది. దాంతో నిన్నటిదాకా ఐఈఎల్‌టీఎస్ అన్నవాళ్లు ఇవాళ టీఈఎఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షల పేర్లు చెబుతున్నారు. నేను మానిటోబా రాష్ట్ర రాజధాని వినిపెగ్‌లో ఫ్రీలాన్స్ వీడియో ఎడిటర్‌ని. ఎక్కువగా ఫ్రెంచ్ వార్తలు, ప్రోగ్రాములే కట్ చేస్తుంటాను. అది తెలిసి అడిగే ప్రశ్నలు అటూ ఇటూగా ఒకటే: "అన్నా, అక్కడ ఫ్రెంచ్ టీవీ ఎవరు చూస్తారు? అందరికీ ఇంగ్లిష్ వచ్చు కదా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: కెనడాలో ఫ్రెంచ్ అంటే క్యూబెక్. అది దాటితే ఫ్రెంచ్ లేదు.

ముందు మీ పీఆర్ సంగతే చూడండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ క్యూబెక్‌కి వర్తించదు. ఆ రాష్ట్రం తన వలసదారులను తనే ఎంచుకుంటుంది. అంటే ఫ్రెంచ్ డ్రాలో వచ్చేవాళ్లు క్యూబెక్ బయటే ఉంటామని చెప్పి రావాలి. మీరు నేర్చుకుంటున్న ఫ్రెంచ్ పనికొచ్చేది మాంక్టన్‌లో, సడ్‌బరీలో, ఒట్టావాలో, లేదంటే మా వినిపెగ్‌లో.

క్యూబెక్ బయట ఫ్రెంచ్ మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు పది లక్షల మంది. న్యూ బ్రన్స్‌విక్‌లో పది మందిలో ముగ్గురు వాళ్లే. మానిటోబాలో ఆ వాటా చాలా తక్కువ, కానీ చరిత్ర పాతది. వినిపెగ్‌లో రెడ్ రివర్ దాటి తూర్పు ఒడ్డుకి వెళితే సెయింట్ బోనిఫేస్. 1818లో అక్కడ క్యాథలిక్ మిషన్ పెట్టారు. 1972లో వినిపెగ్‌లో కలిపేదాకా అది విడిగా ఒక నగరం. మానిటోబా ఏర్పాటు కోసం పోరాడిన నాయకుడు లూయీ రియెల్ సమాధి అక్కడి కెథడ్రల్ ఆవరణలోనే ఉంది. ఆ ప్రాంతానికి సొంత ఫ్రెంచ్ వారపత్రిక 1913 నుంచి ఉంది, పేరు లా లిబెర్తె. రేడియో 1946 మే 27న మొదలైంది. ఆ రేడియో, సీకేఎస్‌బీ, ప్రభుత్వం పెట్టింది కాదు. జనం చందాలు వేసుకుని పెట్టుకున్నది. ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీకి ఫ్రెంచ్ విభాగమైన రేడియో-కెనడా దాన్ని కొన్నది 1973లో. టీవీ మాత్రం మొదటినుంచీ రేడియో-కెనడాదే: సీబీడబ్ల్యూఎఫ్‌టీ, 1960 ఏప్రిల్ 24. వినిపెగ్‌లో ఇంగ్లిష్ సీబీసీ స్టేషన్ 1954లోనే వచ్చింది. ఫ్రెంచ్ వాళ్లు ఇంకో ఆరేళ్లు ఆగారు.

అపోహ: వాళ్లందరికీ ఇంగ్లిష్ వచ్చు. కాబట్టి ఫ్రెంచ్ బులెటిన్ అంటే ఇంగ్లిష్ వార్తల అనువాదమే.

ఎక్కువసార్లు వినేది ఇదే, నాకు ఎక్కువ చిరాకు తెప్పించేదీ ఇదే.

వాళ్లకి ఇంగ్లిష్ వచ్చన్నది నిజం. మానిటోబాలో ఇంగ్లిష్ రాకుండా బండి నడవదు. కానీ బులెటిన్ ఎందుకు అన్నది రన్‌డౌన్, అంటే ఆ రోజు వార్తల వరస, చూస్తే తెలుస్తుంది. ఒకే రోజు, ఒకే ఊరు, రెండు డెస్కులు. ఇంగ్లిష్ డెస్క్‌లో హెడ్‌లైన్ డౌన్‌టౌన్‌లో కాల్పులు, తర్వాత హాకీ. ఫ్రెంచ్ డెస్క్‌లో మొదటి ఐటమ్ ఫ్రెంచ్ స్కూల్ బోర్డుకి కొత్త బడి కోసం స్థలం దొరకని సంగతి కావచ్చు. ఆ బోర్డు 1994లో వచ్చింది, రాష్ట్రమంతటికీ అదొక్కటే. ఇంగ్లిష్ చానల్ దాన్ని చెప్పినా స్క్రోలింగ్‌లో చెబుతుంది. అనువాదం చేస్తే మొదటి ఐటమ్ ఎక్కడినుంచి వస్తుంది?

పాత ఉదాహరణ ఒకటి. 1870లో మానిటోబా ఏర్పడినప్పుడు శాసనసభలో, కోర్టుల్లో ఇంగ్లిష్‌తో పాటు ఫ్రెంచ్ కూడా ఉండాలని చట్టం. 1890లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్రెంచ్‌ని తీసేసింది. 1916లో ద్విభాషా బడులు కూడా పోయాయి. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత జార్జ్ ఫారెస్ట్ అనే సెయింట్ బోనిఫేస్ వ్యాపారికి పార్కింగ్ చలానా వచ్చింది, ఇంగ్లిష్‌లో మాత్రమే. ఆయన కట్టనన్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1979 డిసెంబర్‌లో కోర్టు 1890 చట్టం చెల్లదంది. 1985లో అదే కోర్టు ఇంకో అడుగు వేసి, రాష్ట్రం ఇంగ్లిష్‌లో మాత్రమే చేసిన చట్టాలన్నీ ఫ్రెంచ్‌లోకి తేవాలని చెప్పింది. చలానా కేసు మొదటి వాయిదా నాడు దాన్ని వార్త అనుకునే డెస్క్ ఏదో మీరే ఊహించండి. ఇంగ్లిష్ రాక ఆయన కోర్టుకెళ్లలేదు కదా!

ఇక పని సంగతి. మాకు రోజూ టెన్షన్ పెట్టేది ఒక్కటే, ఫ్రెంచ్ బైట్, అంటే కెమెరా ముందు మనిషి ఫ్రెంచ్‌లో చెప్పే మాట. వరదల మీద స్టోరీ అనుకోండి. ఇరిగేషన్ ఇంజినీరు ఇంగ్లిష్‌లోనే మాట్లాడతాడు, పోలీసు ప్రతినిధీ అంతే. రిపోర్టర్ పొద్దున్నుంచి ఫోన్లు తిప్పుతూనే ఉంటుంది: ఈ విషయం తెలిసి, ఫ్రెంచ్‌లో చెప్పగలిగి, మధ్యాహ్నం రెండింటిలోపు కెమెరా ముందుకి వచ్చే మనిషి ఎవరు? దొరికితే హాయి. దొరక్కపోతే ఇంగ్లిష్ బైట్ మీద వాయిస్ ఓవర్ వేయాలి. ఇంగ్లిష్ వాక్యం ఫ్రెంచ్‌లోకి వస్తే పొడుగవుతుంది. పన్నెండు సెకన్ల బైట్ మీద పదిహేను సెకన్ల గొంతు కూర్చోదు. మొదట మనిషి సొంత గొంతు ఒక సెకను వినిపించాలి, తర్వాత దాన్ని తగ్గించి అనువాదం ఎక్కించాలి, చివర పెదాలు ఆగేసరికి మన మాట కూడా ఆగాలి. అప్పుడు ఎడిటర్ చేసేది రెండే పనులు. బైట్‌లో ఇంకో వాక్యం కోసేయడం, లేదా చివర నీళ్ల విజువల్స్ మూడు సెకన్లు అతికించడం. ఇలాంటివి స్టోరీకి రెండు దాటితే, చూసేవాళ్లకి డబ్బింగ్ సీరియల్ చూసినట్టు ఉంటుంది. అందుకే మంచి డెస్కులో ఫ్రెంచ్ మాట్లాడే డాక్టర్లు, లాయర్లు, రైతులు, ఆర్థికవేత్తల ఫోన్ నంబర్ల పుస్తకం కెమెరా కన్నా విలువైన ఆస్తి. దానికీ ఒక రోగం ఉంది. దొరికినవాళ్లనే మళ్లీ మళ్లీ పిలవడం. ఒకే ముఖం సోమవారం ఆరోగ్యం మీద, గురువారం ఇళ్ల ధరల మీద మాట్లాడుతుంటే జనం నవ్వుతారు.

2023 అక్టోబర్‌లో మానిటోబా ముఖ్యమంత్రి అయిన వాబ్ కిన్యూకి ఫ్రెంచ్ వచ్చు. 2009 నుంచి 2016 దాకా ఉన్న గ్రెగ్ సెలింగర్‌కీ వచ్చు, ఆయన నియోజకవర్గమే సెయింట్ బోనిఫేస్. రాజకీయాలు పక్కన పెడితే, వాళ్ల బైట్ మీద వాయిస్ ఓవర్ అక్కర్లేదు కాబట్టి ఎడిటర్‌కి ఇది పెద్ద సుఖం.

అపోహ: మాంట్రియల్ నుంచి చానళ్లు వస్తున్నాయి కదా, ఇంక లోకల్ ఎందుకు?

హోసూరులో తెలుగువాళ్లు హైదరాబాద్ చానళ్లన్నీ చూస్తారు. హోసూరు కార్పొరేషన్ నీళ్ల ట్యాంకర్ల సంగతి వాటిలో ఎప్పుడైనా వచ్చిందా? ఇక్కడా అంతే. మాంట్రియల్‌లో షాంప్లేన్ బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగితే దేశమంతా వినాలి. ఇక్కడివాళ్లు రేడియో-కెనడాని "రేడియో-మాంట్రియల్" అని వెక్కిరించేది అందుకే.

రెడ్ రివర్ దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. వసంతంలో ఎగువన మంచు కరిగే సమయానికి దిగువన ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీళ్లు పొలాల మీదికి పరుచుకుంటాయి. వినిపెగ్‌కి 1960లలో తవ్విన వరద కాలువ రక్షణ ఉంది. నగరానికి దక్షిణాన నది పొడుగునా ఉన్న పల్లెల్లో చాలావరకు ఫ్రెంచ్ ఊళ్లు: సెయింట్ అగాథ, సెయింట్ జాన్ బాప్టిస్ట్, లెటెలియర్. 1997లో వచ్చిన పెద్ద వరదలో ఏప్రిల్ 29న సెయింట్ అగాథ మునిగిపోయింది. ఊరికి నది తూర్పున ఉంటే, నీళ్లు పడమటి పొలాల మీదుగా వచ్చాయి. జనం నది వైపు చూస్తూ కాపలా కాశారు. ఇలాంటి చోట 75వ నంబర్ హైవే ఎక్కడ మూశారు, ఏ ఊరిని ఖాళీ చేయమన్నారు అన్నది మాంట్రియల్ యాంకర్ నిమిషంన్నరలో చెప్పేది కాదు. చెప్పినా, ఆ ఊళ్ల పేర్లు పలికే తీరులోనే తెలిసిపోతుంది ఆయన ఎప్పుడూ ఇటు రాలేదని.

అపోహ: చిన్న స్టేషన్, కాబట్టి పని తక్కువ.

నిడివి అరగంటో గంటో, రన్‌డౌన్ నింపాల్సిందే. పెద్ద చానల్‌లో నలుగురు చేసే పని ఇక్కడ ఒకరిది: షూట్ చేయడం, రాయడం, వాయిస్ ఇవ్వడం, కట్ చేయడం, మళ్లీ వెబ్‌సైట్‌కి అదే స్టోరీ వ్యాసంగా రాయడం. ఫిబ్రవరిలో మైనస్ ముప్పైలో ఫెస్టివల్ దు వోయజర్ అనే ఇక్కడి ఫ్రెంచ్ చలికాలపు పండుగ కవరేజీకి వెళితే బ్యాటరీలు జాకెట్ లోపల పెట్టుకుని తిరగాలి, లేకపోతే చార్జింగ్ ఇట్టే దిగిపోతుంది. లోపలికి రాగానే లెన్స్ మీద తేమ పట్టేస్తుంది, కెమెరాని సంచిలోంచి తీయకుండా కాసేపు ఆగాలి. మనవాళ్లకి మే నెల ఎండలో ఓబీ వ్యాన్ కష్టాలు తెలుసు. ఇది దానికి పూర్తిగా తిరగేసింది.

అపోహ: పారిస్ యాసలో మాట్లాడకపోతే టీవీకి పనికిరారు.

ఇక్కడి ఫ్రెంచ్ రకరకాలు. క్యూబెక్ నుంచి వచ్చినవాళ్లది ఒక తీరు, మెతీలది (ఆదివాసీ, యూరోపియన్ మిశ్రమ వారసత్వం ఉన్నవాళ్లది) ఒక తీరు. నోత్ర్ దామ్ ద లూర్ద్ లాంటి ఊళ్లకి ఫ్రాన్స్ నుంచి, స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్ల వారసులది ఇంకో తీరు. ఇప్పుడు కాంగో, మాలి, సెనెగల్, మొరాకో గొంతులు కలిశాయి. యాంకర్ నుంచి కోరేది స్పష్టత, వ్యాకరణం. బైట్ ఇచ్చే రైతు మధ్యలో ఇంగ్లిష్ మాట వాడితే కోయం.

యాస వల్ల నిజంగా ఇబ్బంది పడేది లైవ్ సబ్‌టైటిల్స్ దగ్గర. ఫ్రెంచ్‌లో వీటిని ఎక్కువగా ఒక మనిషి హెడ్‌ఫోన్‌లో విని, అదే మాటను నిదానంగా, విరామ చిహ్నాలతో సహా సాఫ్ట్‌వేర్‌కి తిరిగి చెప్పి వేయిస్తారు. మామూలు మాటలు బాగానే పడతాయి. ఊరి పేర్లు, ఇంటిపేర్లు ముందుగా జాబితాలో ఎక్కించకపోతే తెర మీద ఏం వస్తుందో దేవుడికే తెలియాలి.

అపోహ: ప్రభుత్వ డబ్బు, కాబట్టి ప్రభుత్వ గొంతు.

సీబీసీకి, రేడియో-కెనడాకి కలిపి పార్లమెంటు ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా ఇస్తుంది, టీవీలో ప్రకటనలూ ఉంటాయి. వార్తల విషయంలో స్వతంత్రత ఉండాలని 1991 ప్రసార చట్టంలోనే రాసి ఉంది. ఇంగ్లిష్, ఫ్రెంచ్ మైనారిటీల ప్రత్యేక అవసరాలు చూడాలన్నదీ అందులోనే ఉంది. ఫలానా వార్త వేయొద్దు అని మంత్రి ఫోన్ చేయడం నేనైతే చూడలేదు. దెబ్బ వేరే వైపు నుంచి పడుతుంది: కోతలు. 2009లో ఆంటారియోలోని విండ్సర్ ఫ్రెంచ్ రేడియో స్టేషన్‌లో లోకల్ కార్యక్రమాలు దాదాపు అన్నీ తీసేశారు. ఊరివాళ్లు కమిటీ కట్టి పోరాడారు, అధికార భాషల కమిషనర్ కూడా కోర్టుకెళ్లారు. చివరికి 2013లో లైసెన్స్ రెన్యువల్ అప్పుడు ప్రసారాల నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ వారానికి 15 గంటల లోకల్ ప్రోగ్రాములు ఉండాలని షరతు పెట్టింది. నాలుగేళ్లు పట్టింది! అందుకే ఇక్కడి ఫ్రెంచ్ సంఘాలు లైసెన్స్ విచారణ నోటీసులను మనవాళ్లు వీసా బులెటిన్ చదివినంత శ్రద్ధగా చదువుతాయి.

అపోహ: చూసేది ముసలివాళ్లే. ఇంకో పదేళ్లలో అంతా యూట్యూబే.

సాయంత్రం ఆరింటి బులెటిన్ ప్రేక్షకుల వయసు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ సముదాయం తగ్గిపోతోంది అనేవాళ్లు పాత లెక్క పట్టుకుని కూర్చున్నారు. 2021 జనగణన ప్రకారం మానిటోబాలో ఫ్రెంచ్ మాట్లాడగలిగినవాళ్లు లక్షా పది వేలకు పైగా. అది మాతృభాషగా ఉన్నవాళ్లు వాళ్లలో సగం కూడా లేరు. మిగతావాళ్లు ఇమ్మర్షన్ బడుల్లో (పాఠాలు ఫ్రెంచ్‌లో చెప్పే బడుల్లో) చదివిన ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలు, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లు. 2016లో రాష్ట్రం చేసిన చట్టం ఫ్రెంచ్ సముదాయాన్ని నిర్వచించిన తీరు చూడండి: మాతృభాష వేరైనా, ఫ్రెంచ్‌తో ప్రత్యేక అనుబంధం ఉండి రోజువారీ జీవితంలో తరచూ వాడేవాళ్లు కూడా ఇందులోకే వస్తారు. అంటే టీఈఎఫ్ రాసి వచ్చి ఇక్కడ ఫ్రెంచ్‌లో బతికే గుంటూరు అబ్బాయి కూడా.

యూట్యూబ్ సంగతి సరే, ఫేస్‌బుక్ అనుభవం చూశాం. 2023 ఆగస్టు నుంచి మెటా కెనడాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలు ఆపేసింది. అక్కడే పాఠకుల్ని పోగేసుకున్న చిన్న పత్రికలు, స్టేషన్లు ఆ పూటకి ఆ పూట గల్లంతయ్యాయి. టీవీ వైపూ అంతా సవ్యంగా లేదు. 2012 జులై 31న సీబీసీ, రేడియో-కెనడా కలిపి ఆరు వందలకు పైగా అనలాగ్ రిలే ట్రాన్స్‌మిటర్లు మూసేశాయి. యాంటెన్నాతో ఉచితంగా చూసే పల్లెల వాళ్లు కేబులో, డిష్షో పెట్టుకోవాల్సి వచ్చింది.

చివరగా అందరూ అడిగేది: ఫ్రెంచ్‌లో బీ2 స్థాయి వస్తే టీవీలో ఉద్యోగం దొరుకుతుందా?

ఫ్రెంచ్ డ్రాకి నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (కెనడా ఫ్రెంచ్ స్థాయిల కొలమానం) 7 కావాలి, అది దాదాపు బీ2. తెర ముందు ఉద్యోగానికి అది చాలదు. తెర వెనక వేరే లెక్క: ఎడిటింగ్, గ్రాఫిక్స్, ఎంసీఆర్ (ప్రసారాన్ని నడిపే మాస్టర్ కంట్రోల్ రూమ్), ఐటీ. అక్కడ పని వచ్చి ఉండి, డెస్క్ వాళ్లు గబగబా చెప్పేది అర్థమైతే గట్టెక్కొచ్చు. పరీక్ష ఫ్రెంచ్‌కీ, ఆరింటికి పది నిమిషాల ముందు పీసీఆర్‌లో (బులెటిన్ నడిపే కంట్రోల్ రూమ్‌లో) అరిచే ఫ్రెంచ్‌కీ చాలా తేడా. ఇప్పటినుంచే రేడియో-కెనడా లోకల్ బులెటిన్లు లె టెలెజూర్నాల్ మానిటోబా, లె టెలెజూర్నాల్ అకాడీ క్లిప్పులు దొరికినప్పుడల్లా సబ్‌టైటిల్స్ తీసేసి చూడండి. యాంకర్ని వదిలేసి బైట్లు వినండి. మానిటోబా పల్లె సెయింట్ పియర్ రైతు మాట ఒక్కసారిలో అర్థమైన రోజు నాకు ఫోన్ చేయండి, అప్పుడు రెజ్యూమె గురించి మాట్లాడదాం.