ఫ్రాంకెన్‌స్టైన్ నవల: అపోహలు - వాస్తవాలు

ఎం.ఏ. ఇంగ్లీష్ విద్యార్థులకు మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' పాఠం చెబుతుంటాను. ఈ నవల దగ్గరికి వచ్చేసరికి పాఠం కన్నా ముందు ఇంకో పని ఉంటుంది. సినిమాలు, కార్టూన్లు వాళ్ల మనసుల్లో గీసిన బొమ్మల్ని చెరపాలి. ఈ మధ్య కృత్రిమ మేధ మీద చర్చ వస్తే చాలు, ఎవరో ఒకరు ఈ నవల పేరెత్తి "దేవుడి పనిలో వేలు పెడితే ఇంతే" అని తేల్చేస్తున్నారు. ఎంతో ఇష్టంగా చదువుకున్న పుస్తకాన్ని అంత చిన్నది చేసేస్తుంటే బాధేస్తుంది. కథంతా విప్పి చెప్పక తప్పదు కాబట్టి, ముందే తెలిసిపోకూడదు అనుకునేవాళ్లు నవల చదివాకే ఇది చదవండి.

అపోహ: ఫ్రాంకెన్‌స్టైన్ ఒక రాక్షసుడు. పిచ్చి డాక్టరొకడు పిడుగుల మధ్య వాడికి ప్రాణం పోశాడు.

ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది సృష్టించినవాడి ఇంటిపేరు. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ జెనీవా కుర్రాడు, జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. డాక్టర్ కాదు. అతను తయారుచేసిన జీవికి నవల మొత్తంలో పేరే లేదు. ఎనిమిదడుగుల ఎత్తు, పసుపుపచ్చని చర్మం, నిగనిగలాడే నల్లటి జుట్టు, ముత్యాల్లాంటి పళ్లు: మేరీ వర్ణించింది ఇలా. చదునైన తల, మెడకు బోల్టులు 1931 నాటి హాలీవుడ్ సినిమాలో నటుడు బోరిస్ కార్లాఫ్‌కు వేసిన మేకప్. ప్రాణం వచ్చే రాత్రి నవలలో ఉన్నవి నవంబరు వాన, కొడిగట్టిన కొవ్వొత్తి. ప్రాణం ఎలా పోశాడో విక్టర్ చివరిదాకా చెప్పడు, చెప్పనని గట్టిగా అంటాడు కూడా. పక్కన సహాయకుడు ఎవరూ లేరు. ఆ పాత్ర 1823లో లండన్ నాటకంలో పుట్టింది.

అపోహ: నిజానికి రాసింది ఆమె భర్త, కవి పెర్సీ షెల్లీ.

1818 జనవరి 1న మొదటి ముద్రణ 500 కాపీలతో, రచయిత పేరు లేకుండా వచ్చింది. ముందుమాట రాసింది పెర్సీ. దాంతో సమీక్ష రాసిన నవలాకారుడు వాల్టర్ స్కాట్ కూడా నవల ఆయనదే అనుకున్నాడు. మేరీ చేతిరాత ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ లైబ్రరీలో ఉంది. అందులో పెర్సీ దిద్దుబాట్లు స్పష్టంగా కనిపిస్తాయి. మాటలు మార్చాడు, కొన్నిచోట్ల వాక్యాలు చేర్చాడు. ఎడిటర్ పని అది. కథ, నిర్మాణం, పాత్రలు ఆమెవి.

పైగా ఈ కథ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమె జీవితం చూస్తే తెలుస్తుంది. ఆమెను కన్న కొద్దిరోజులకే తల్లి మేరీ వొల్‌స్టన్‌క్రాఫ్ట్ చనిపోయింది. 1815లో నెలలు నిండకుండా పుట్టిన తొలి బిడ్డ కొన్నాళ్లకే పోయింది. మంట దగ్గర పెట్టి ఒళ్లు రుద్దితే పాపకు మళ్లీ ప్రాణం వచ్చినట్టు కల వచ్చిందని డైరీలో రాసుకుంది. మరుసటి ఏడాది వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున ఈ కథ మొదలుపెట్టేనాటికి ఆమె వయసు 18 ఏళ్లు, ఇంట్లో నెలల పిల్లాడు. కనడం, పోగొట్టుకోవడం తెలిసిన మనిషి రాసిన పుస్తకం ఇది.

అపోహ: ఇది సైన్స్ వద్దని చెప్పే నవల.

నాకు అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరం దీని మీదే. మేరీకి సైన్స్ అంటే భయం లేదు, ఆసక్తి ఉంది. చచ్చిన కప్ప కాళ్లు కరెంటుకు కదలడాన్ని ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ చూపించాడు. ఆయన మేనల్లుడు ఆల్డినీ 1803లో లండన్‌లో, ఉరితీసిన ఖైదీ శవం మీద అలాంటి ప్రయోగమే చేశాడు. ఆ రోజుల్లో చదువుకున్న ఇళ్లలో ఇవన్నీ మాట్లాడుకునేవాళ్లు. నవల రాస్తున్న రోజుల్లోనే ఆమె శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ రాసిన రసాయనశాస్త్రం పుస్తకం చదివింది.

ఇప్పుడు కథలో ఏం జరుగుతుందో చూడండి. ప్రయోగం విజయవంతమైంది. ఆ జీవి కళ్లు తెరిచాడు. విక్టర్ చేసిన మొదటి పని పారిపోవడం! దాదాపు రెండేళ్లు నిద్రాహారాలు మాని తయారుచేసినవాణ్ణి, చూడటానికి భయంకరంగా ఉన్నాడని వదిలేసి పడకగదిలోకి వెళ్లి పడుకున్నాడు. ఆ జీవి మంచం దగ్గరికొచ్చి, తెర పైకెత్తి, ఏదో అనబోతూ చెయ్యి చాపాడు. విక్టర్ మళ్లీ పరుగు. మర్నాడు తిరిగొచ్చి గది ఖాళీగా ఉండటం చూసి, సంతోషంతో చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అప్పటికి ఎవరూ చావలేదు. చావులన్నీ వదిలేశాక వచ్చినవే.

జస్టీన్ ఘట్టం దగ్గర నేను కావాలనే ఎక్కువసేపు ఆగుతాను. విక్టర్ తమ్ముడు, చిన్నపిల్లాడు విలియమ్ హత్యకు గురవుతాడు. నేరం ఇంట్లో పనిచేసే జస్టీన్ అనే అమ్మాయి మీద పడుతుంది. చంపిందెవరో విక్టర్‌కు తెలుసు. చెబితే పిచ్చివాడంటారని నోరు మూసుకున్నాడు. పాదిరీ బెదిరింపులకు లొంగి ఆ అమ్మాయి చెయ్యని నేరం ఒప్పుకుంది, ఉరికంబం ఎక్కింది. ఇక్కడ ఆమె ప్రాణం తీసింది ప్రయోగశాల కాదు, ఒక పెద్దింటి కుర్రాడి మౌనం. చేసినవాడు తను చేసినదాని బాధ్యత తీసుకోకపోతే ఆ భారం ఎవరి మీద పడుతుంది? పని మనిషి మీద, పసివాడి మీద.

విక్టర్ చివరి మాటలు కూడా పూర్తిగా చదవాలి. ఆశలు తగ్గించుకోమని ఉత్తర ధ్రువ యాత్రికుడు వాల్టన్‌కు చెప్పి, వెంటనే "నేను ఓడిపోయాను గానీ, ఇంకొకరు గెలవచ్చు" అన్న అర్థంలో మాట్లాడతాడు. తలుపు మూసెయ్యమని అతను కూడా చెప్పలేదు.

అపోహ: ఆ జీవి పుట్టుకతోనే దుర్మార్గుడు, మాట రాని మొద్దు.

దొంగిలించిన నేరస్థుడి మెదడు పెట్టడం 1931 సినిమా కల్పన. నవలలో అతను మంచివాడిగానే మొదలవుతాడు. అడవి అంచున డి లేసీ కుటుంబం గుడిసె పక్కన దాక్కుని, గోడ సందులోంచి వాళ్లను చూస్తూ భాష నేర్చుకుంటాడు. వాళ్లు పేదవాళ్లని తెలిశాక వాళ్ల తిండి దొంగిలించడం మానేసి, రాత్రిళ్లు కట్టెలు కొట్టి తెచ్చి గుమ్మం ముందు పెడతాడు. దొరికిన పుస్తకాలు చదువుతాడు. మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' చదివి, ఆదాముకు దేవుడైనా తోడున్నాడు, నాకెవరున్నారు అని ఏడుస్తాడు. కళ్లు కనిపించని ముసలాయన అతనితో ప్రేమగా మాట్లాడాడు. కళ్లున్న కొడుకు వచ్చి కర్రతో బాదాడు. ఆ తర్వాత నదిలో మునిగిపోతున్న అమ్మాయిని కాపాడితే తుపాకీ గుండు తగిలింది.

అలాగని అతన్ని పూర్తి అమాయకుణ్ణి చేసేవాళ్లతోనూ నేను ఏకీభవించను. పసివాడి గొంతు నులిమాడు. ఆ పిల్లాడి మెడలోని లాకెట్ తీసుకెళ్లి జస్టీన్ దుస్తుల్లో పెట్టింది అతనే, తెలిసే పెట్టాడు. అతని బాధను మేరీ మనకు పూర్తిగా వినిపిస్తుంది. నేరాన్ని మాత్రం మాఫీ చెయ్యదు.

అపోహ: ఏ ఎడిషన్ చదివినా ఒకటే.

మార్కెట్లో ఈ నవలకు రెండు పాఠాలు (వెర్షన్లు) దొరుకుతున్నాయి: 1818 నాటిది, మేరీ స్వయంగా మార్చిన 1831 నాటిది. కవర్ మీద సంవత్సరం లేకపోతే, విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్ ఎవరో చూడండి. విక్టర్ మేనత్త కూతురైతే 1818, ఇటలీలో దొరికిన అనాథ అయితే 1831. మొదటిదానిలో విక్టర్ తన నిర్ణయాలు తనే తీసుకుంటాడు. రెండోదానిలో మాటిమాటికీ విధి మీదికి నెడతాడు. బాధ్యత గురించి ఆలోచించాలంటే నేను 1818 పాఠమే చేతికిస్తాను.

కానీ మన పాఠకులు 1831 పాఠంలో ఒక చోట తప్పక ఆగాలి. విక్టర్ ప్రాణస్నేహితుడు క్లెర్వాల్ నవల మొత్తంలో అందరికన్నా మంచివాడు. ఈ పాఠంలో అతను సంస్కృతం నేర్చుకుంటాడు, భారతదేశం రావాలనుకుంటాడు. యూరప్ వలసపాలనకూ వ్యాపారానికీ ఇక్కడ తన చదువు అక్కరకొస్తుందని అతని ఆశ. అదే పుస్తకంలో, అమెరికాను కనుగొన్నాక అక్కడి మూలవాసులకు ఏం జరిగిందో గోడ సందులోంచి విని ఆ పేరులేని జీవి ఏడుస్తాడు. ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, ఇందులో రాక్షసుడు ఎవరో మీరే రాయండని పిల్లలను అడుగుతాను. పరీక్షలో రాని ప్రశ్నే అయినా, బాగా రాసే జవాబులు దీనికే వస్తాయి.