శుక్లం ఆపరేషనైన పదేళ్లకు కూడా కన్ను చూపించుకోవాలా?

అపోహ: "పొర మళ్లీ వచ్చింది డాక్టరు గారూ."

రోజూ వినే మాట. తీసేసిన శుక్లం మళ్లీ రాదు. మసకబారిన సహజ కటకాన్ని తీసేసి, దాని పలచటి సంచిని ఉంచి, అందులో లెన్స్ అమరుస్తాం. నెలలకో ఏళ్లకో ఆ సంచి వెనుక గోడ మబ్బు పట్టవచ్చు. యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో దాని మధ్యలో కిటికీ తెరుస్తాం. కొన్ని రకాల లెన్సుల్లో, చాలా అరుదుగా, కాల్షియం పేరుకుని లెన్సే తెల్లబడుతుంది. దానికి లేజర్ పనిచేయదు. పైగా సంచి తెరుచుకున్నాక లెన్స్ మార్చడం ఇంకా కష్టం. మబ్బు ఎక్కడుందో తేల్చుకున్నాకే లేజర్.

అపోహ: "వేసిన లెన్స్ కదలదు."

దాదాపు అందరిలోనూ కదలదు. మొన్నామధ్య వచ్చిన ఒక పెద్దాయనకు ఆపరేషనై తొమ్మిదేళ్లు. "పూజ గదిలో వెలిగించేది ఒక్క దీపమే. రెండో కన్ను మూసుకున్నా ఈ కంటికి రెండు కనపడుతున్నాయి" అన్నారు. వయసు కదా అని ఇంట్లోవాళ్లు ఊరుకున్నారట. చుక్కలు వేసి చూస్తే, లెన్స్ సంచితో సహా కిందికి జారింది. దాని పై అంచు కంటిపాపలో నెలవంకలా మెరుస్తోంది. కంటిపాప చుట్టూ చుండ్రు పొట్టులాంటి తెల్లటి పొడి. సూడోఎక్స్‌ఫోలియేషన్ అంటాం. ఇది ఉన్నవాళ్లలో సంచిని పట్టి ఉంచే సన్నని దారాలు ఏటికేడు బలహీనపడతాయి. మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవాళ్లకూ, కంటికి దెబ్బ తగిలినవాళ్లకూ ఈ ముప్పుంది. ఆయన లెన్స్‌ను తెల్లగుడ్డుకు కుట్టి నిలబెట్టాం. ఇంకా ఆలస్యమైతే అది కంటి అడుగుకు పడిపోయేది.

అపోహ: "కన్ను ఎర్రబడితే పాత చుక్కల మందు చాలు."

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. మన చర్మం మీదుండే క్యూటిబాక్టీరియం యాక్నెస్ అనే సూక్ష్మజీవి ఆపరేషన్ నాడు సంచిలోకి చేరి, నెలల తర్వాత నెమ్మదిగా రాజుకోవచ్చు. నొప్పి పెద్దగా ఉండదు. కాస్త ఎరుపు, కాస్త మసక. స్టెరాయిడ్ చుక్కలు వేస్తే తగ్గుతుంది, ఆపితే తిరగబెడుతుంది. మెడికల్ షాపులో మూడోసారి అదే సీసా కొంటున్నారంటే, దయచేసి అక్కడ ఆగి కంటి డాక్టరు దగ్గరికి రండి.

అపోహ: "మసక వయసుతో వచ్చేదే."

పొద్దున లేవగానే మసకగా ఉండి మధ్యాహ్నానికి తేటపడుతుంటే కార్నియాకు, అంటే కంటి ముందుండే పారదర్శక పొరకు, నీరు పడుతోందేమో చూడాలి. దాని లోపలి పొర కణాలు పోతే మళ్లీ పుట్టవు. ముదిరితే దాత ఇచ్చిన పొర అతికించాల్సిందే.

మెరుపులు, ఒక్కసారిగా రాలిన నల్లచుక్కలు, పక్కనుంచి తెర దిగుతున్నట్టు నీడ: ఇవి కంటి వెనుక ఉండే రెటీనా పొర ఊడుతున్న గుర్తులు కావచ్చు. ఆ రోజే రావాలి, పండగైనా సరే.

వచ్చేటప్పుడు ఆపరేషన్ నాడు ఇచ్చిన లెన్స్ కార్డు తెండి. లెన్స్ రకం, పవర్ దాని స్టిక్కర్ మీదే ఉంటాయి. ఇప్పుడే వెతికి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.