రివ్యూలో 90, ఇంట్లో 20 ఫ్రేములు: గేమ్ రివ్యూల మీద అపోహలు - వాస్తవాలు

"అన్నా, రివ్యూలన్నీ బాగున్నాయి కదా, మరి నా దగ్గరెందుకిట్లుంది?"

గేమ్ రివ్యూలు రాయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లవుతోంది. ఈ మాట వినని నెల లేదు. మొన్న దసరా సెలవుల్లో ఖమ్మం నుంచి ఒక ఇంటర్ కుర్రాడు ఫోన్ చేసి ఇదే అడిగాడు. పక్కగదిలో నాన్న ఉన్నారని గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. మేనత్త పండక్కిచ్చిన డబ్బులకి తను దాచుకున్నవి కలిపి ఓ కొత్త గేమ్ కొన్నాడట. ఫోన్‌తో స్క్రీన్‌ని వీడియో తీసి పంపాడు. ముందు ల్యాప్‌టాప్ ఫ్యాను రొద తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత హీరో మాట్లాడటం మొదలుపెట్టాడు. మొహం మైనం ముద్దలా ఉంది. డైలాగ్ సగం అయ్యాక గడ్డం వచ్చింది. మూలన ఫ్రేముల లెక్క (సెకనుకి తెర మీద పడే బొమ్మలు, ఎంత తక్కువైతే ఆట అంత తడబడుతుంది) 19, 22, 11, మళ్లీ 20.

"నేనే సెట్టింగ్స్‌లో ఏదో తప్పు చేశానేమో అన్నా" అన్నాడు.

వాడేం తప్పు చేయలేదు. వాడు చదివిన రివ్యూలూ అబద్ధాలు కావు. తేడా ఎక్కడొస్తోందో ఎవరూ వాడికి చెప్పలేదు, అంతే.

అపోహ: స్కోరు బాగుందంటే గేమ్ నా దగ్గరా బాగుంటుంది

దీన్ని నమ్మి మనవాళ్లు పోగొట్టుకున్నంత డబ్బు ఇంకే పుకారు నమ్మీ పోగొట్టుకోలేదు. అందుకే ఎక్కువసేపు దీని దగ్గరే ఆగుతాను.

వాస్తవం ఏమిటంటే, స్కోరు ఎప్పుడూ ఒక బిల్డ్‌కి (అంటే గేమ్ ఆ రోజుకి ఉన్న రూపానికి), ఒక సిస్టమ్‌కి ఇచ్చింది. రివ్యూ చేసినాయన ఏ సిస్టమ్ మీద ఆడాడన్నది తెలియకపోతే ఆ అంకె మీకు సగమే పనికొస్తుంది.

సైబర్‌పంక్ 2077 సంగతి చూడండి. 2020 డిసెంబరు 10న రిలీజ్. దానికి కొద్ది రోజుల ముందే రివ్యూలు వచ్చాయి, రివ్యూల స్కోర్లన్నీ కలిపి సగటు చూపే మెటాక్రిటిక్ సైట్‌లో 90 దగ్గర నిలబడింది. జనం ఎగబడ్డారు. ప్రీ-ఆర్డర్లే 80 లక్షలని కంపెనీ ప్రకటించింది. అయితే ఆ రివ్యూలన్నీ పీసీ వెర్షన్‌వి. పోలండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ వాళ్లు రిలీజ్‌కి ముందు కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ లాంటి మెషిన్) కాపీలు రివ్యూకి ఇవ్వలేదు. పీసీ కాపీ అందుకున్నవాళ్లని కూడా రిలీజ్ దాకా తాము ఆడుతూ రికార్డ్ చేసిన వీడియో చూపించొద్దన్నారు, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడుకోమన్నారు. అప్పటికి కొద్ది వారాల ముందే కంపెనీ పెద్దలు మదుపరులతో మాట్లాడుతూ పాత కన్సోళ్ల మీద కూడా గేమ్ ఆశ్చర్యపోయేంత బాగా నడుస్తోందని చెప్పారు.

రిలీజయ్యాక మామూలు పీఎస్4 (ప్లేస్టేషన్ 4)లో అది 20 ఫ్రేముల కిందికి జారిపోతూ, మాటిమాటికీ క్రాష్ అవుతూ కనిపించింది. ఒక పెద్ద వెబ్‌సైట్ పీసీ వెర్షన్‌కి 9 ఇచ్చి, కన్సోల్ వెర్షన్‌కి విడిగా రివ్యూ రాసి 4 ఇచ్చింది. మెటాక్రిటిక్‌లో పీఎస్4 వెర్షన్ స్కోరు 57. వారం తిరిగేసరికి సోనీ ఆ గేమ్‌ని తన స్టోర్‌లోంచి తీసేసి, కొన్నవాళ్లకి డబ్బులు వెనక్కిస్తామంది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. గేమ్ పేరు ఒకటే, కథ ఒకటే, 90 దగ్గర నుంచి 57కి పడింది. ఇందులో ఏ రివ్యూ తప్పు? ఏదీ కాదు. పీసీ రివ్యూ చదివి పీఎస్4 డిస్క్ కొన్నవాడు నష్టపోయాడు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. ఆ రోజుల్లో 10కి 7 ఇచ్చిన ఒక రివ్యూయర్‌ని, ఇంకా ఎవరూ గేమ్ ఆడకముందే, నెట్‌లో తిట్టిపోశారు. మూర్ఛ వచ్చే ప్రమాదమున్న మెరుపుల సీన్లు అందులో ఉన్నాయని, తనకి ఫిట్స్ వచ్చాయని ముందుగా హెచ్చరించిన ఇంకొకావిడకి కావాలనే మెరిసే వీడియోలు పంపారు. ఆవిడ రాసింది చూశాకే కంపెనీ ఆ సీన్లు మార్చింది. నచ్చని రివ్యూ చదివితే కోపం రావడం నాకు అర్థమవుతుంది. ఇది మాత్రం కోపం కాదు, క్రూరత్వం.

పీసీ రివ్యూ చదివి పీసీలోనే ఆడేవాళ్లకి కూడా ఇదే చిక్కు. రివ్యూయర్ దగ్గర పెద్ద డెస్క్‌టాప్, మీ దగ్గర ల్యాప్‌టాప్. "నాదీ 3050 గ్రాఫిక్స్ కార్డే అన్నా" అంటారు. డెస్క్‌టాప్ 3050 వచ్చింది 8 జీబీ మెమరీతో. ల్యాప్‌టాప్‌లో అదే పేరుతో వచ్చేవాటిలో చాలావాటికి 4 జీబీనే. పైగా ల్యాప్‌టాప్ కంపెనీ ఆ చిప్‌కి ఎన్ని వాట్లు ఇచ్చిందన్నది మోడల్‌ని బట్టి మారిపోతుంది. కార్డు మెమరీని వంటగట్టు అనుకోండి. గట్టు మీద చోటుంటే సామాన్లన్నీ చేతికందుతాయి. చోటు చాలకపోతే పోపు వేసే ప్రతిసారీ వెనక స్టోర్‌రూముకి పరిగెత్తాలి. ఆ పరుగే మనకి స్క్రీన్ మీద స్టట్టర్‌గా, అంటే ఆగి ఆగి నడిచినట్టుగా కనిపిస్తుంది. ఖమ్మం కుర్రాడి హీరోకి గడ్డం ఆలస్యంగా రావడానికి కారణం ఇదే.

ఈ తప్పు నేనూ చేశాను. మొదలుపెట్టిన రెండో ఏడు, ఒక ఓపెన్ వరల్డ్ గేమ్‌కి 8 ఇస్తూ "పర్ఫార్మెన్స్ సాఫీగా ఉంది" అని ఒక్క లైను రాసి వదిలేశాను. ఎవరి సిస్టమ్‌లో సాఫీగా? స్నేహితుడి ఆఫీసులో ఉన్న ఖరీదైన సిస్టమ్‌లో. ఆ లైను చూసి కువైట్‌లో పనిచేసే ఒకాయన కరీంనగర్‌లో ఉన్న తమ్ముడి పుట్టినరోజుకి ఆ గేమ్ కొనిపెట్టారు. తమ్ముడి పాత కార్డులో మెనూ దాటితే ఒట్టు. ఆయన నన్ను తిట్టలేదు. "మీరు రాశారని కొన్నాను తమ్ముడూ" అని ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టారు. దాన్ని ఇప్పటికీ డిలీట్ చేయలేదు.

కాబట్టి స్కోరు కన్నా ముందు మూడు విషయాలు వెతకండి. ఏ వెర్షన్ ఆడారు? ఏ కార్డు, ఏ సెట్టింగ్స్? చూపిస్తున్న వీడియో వాళ్లు ఆడిందేనా, కంపెనీ ఇచ్చిందా? ఇంకోటి, రివ్యూలు ఏ టైముకి వస్తాయో చూడండి. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అమ్మకాలు మొదలైన పన్నెండు గంటలకి గానీ రివ్యూలు బయటకి రానివ్వలేదు. గేమ్ నిండా లోపాలే, ఎందుకు ఆపారన్నది ఆడినవాళ్లకి మొదటి రోజే తెలిసిపోయింది. 2015లో బ్యాట్‌మన్: ఆర్కమ్ నైట్ పీసీ వెర్షన్‌ని రిలీజైన ఒకటి రెండు రోజులకే అమ్మకాల నుంచి తీసేశారు, మళ్లీ పెట్టింది అక్టోబరు ఆఖర్లో. కన్సోల్‌లో అదే గేమ్‌ని జనం మెచ్చుకున్నారు.

అపోహ: నచ్చకపోతే రీఫండ్ ఉందిగా

ఉంది, షరతులున్నాయి. పీసీ గేములమ్మే స్టీమ్ స్టోర్‌లో కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే అడగ్గానే ఇస్తారు. జనం పప్పులో కాలేసేది ఆ రెండు గంటల దగ్గరే. గేమ్ తెరిచి ఉన్నంతసేపూ ఆడినట్టే లెక్క. 2023 మార్చిలో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు కొందరి సిస్టమ్‌లలో షేడర్లు (వెలుగునీడలు, రంగులు గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) తయారవడానికే గంటకు పైగా పట్టింది. బొమ్మ పడకముందే సగం గడువు అయిపోయింది. డబ్బులెక్కువ పెట్టి రిలీజ్‌కి ముందే ఆడే ఎడిషన్లు కొంటారు కదా, ఆ ముందు రోజుల్లో ఆడిన టైము కూడా 2024 నుంచి లెక్కలోకే వస్తోంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో అయితే డౌన్‌లోడ్ మొదలుపెట్టారంటే, గేమ్‌లోనే లోపం ఉందని తేలితే తప్ప ఇవ్వరు.

ఖమ్మం కుర్రాడిని నేను అడిగిన మొదటి ప్రశ్న "ఎంతసేపయింది తెరిచి?" గంటా నలభై నిమిషాలు. అందులో సగానికి సగం షేడర్ల శాతం చూస్తూ కూర్చున్నదే. ఫోన్ పెట్టకుండానే గేమ్ మూయించి, రీఫండ్ అడిగించాను. ఇంకో ఇరవై నిమిషాలు సెట్టింగ్స్ తిప్పుకుంటూ కూర్చునుంటే ఆ గడువు దాటిపోయేది. నాలుగు రోజుల తర్వాత మెసేజ్ పెట్టాడు, డబ్బులొచ్చాయని. నాన్నకి కూడా చెప్పేశాడట.

తల్లిదండ్రులకి ఒక్క విన్నపం. పిల్లాడు "గేమ్ పనిచేయట్లేదు" అని చెప్తే మొదట తిట్టకండి. మీ తిట్లకి భయపడి దాచిన ఆ రెండు రోజుల్లోనే గడువు కాస్తా అయిపోతుంది.

అపోహ: రివ్యూయర్లందరూ డబ్బులు తీసుకుంటారు

ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. కవర్లో నోట్లు పెట్టివ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఒత్తిడి లేదా అంటే ఉంది, వేరే రూపంలో ఉంది. కాపీ ముందుగా ఇవ్వకపోవడం, ఏం చూపించాలో షరతు పెట్టడం, ప్రకటనలు ఆపేస్తామనడం. 2007లో ఒక గేమ్‌కి 6 ఇచ్చాక గేమ్‌స్పాట్ ఎడిటర్ జెఫ్ గెర్స్ట్‌మన్ ఉద్యోగం పోయింది. ప్రకటనల ఒత్తిడి యాజమాన్యం మీద పనిచేసిందని 2012లో ఆయనే బయటపెట్టారు. ఆ ఒత్తిడి ఉన్నచోట కూడా ఆయన 6 ఇచ్చారని గుర్తుపెట్టుకోండి. అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఇలాంటివాళ్ల మాట వినేవాడెవరు?

అపోహ: ప్యాచ్‌లతో అన్నీ బాగుపడతాయి

ప్యాచ్ అంటే రిలీజయ్యాక లోపాలు దిద్దుతూ కంపెనీ పంపే అప్‌డేట్. వాటితో కొన్ని గేములు బాగుపడతాయి. నో మ్యాన్స్ స్కై 2016లో ఎన్ని తిట్లు తిందో, తర్వాతి ఏళ్లలో ఉచితంగా అప్‌డేట్లిచ్చి అంత పేరు తెచ్చుకుంది. సైబర్‌పంక్ కూడా 2023 సెప్టెంబరులో 2.0 ప్యాచ్‌తో నిజంగా నిలబడింది, నాకెంతో ఇష్టమైన గేమ్ అయింది. అయితే ఆ 2.0 ప్యాచ్ పీఎస్4కి, ఎక్స్‌బాక్స్ వన్‌కి రాలేదు. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నవాళ్లకి ఆ బాగుపడ్డ గేమ్ కావాలంటే కొత్త కన్సోల్ కొనుక్కోవాల్సిందే. బాగుపడనివీ ఉన్నాయి. ఆంథమ్‌ని మళ్లీ కడతామన్నారు, 2021 ఫిబ్రవరిలో ఆ పని ఆపేశారు, 2026 జనవరిలో సర్వర్లే మూసేశారు. కాంకార్డ్ 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబరు 6న ఆపేశారు. అక్కడ కనీసం డబ్బులన్నా వెనక్కిచ్చారు. రివ్యూయర్ ఈరోజున్న గేమ్‌కే మార్కులేస్తాడు, మీరూ ఈరోజున్న గేమ్‌కే డబ్బులివ్వండి.

మిగతావి గబగబా

"యూజర్ రివ్యూలే అసలైనవి" అంటారు. పనికొస్తాయి. అయితే నెగెటివ్ అని ఎర్రగా కనపడగానే పారిపోకండి, తేదీలు చూడండి. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 కి కుప్పలుగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి. గేమ్ చెడిపోయి కాదు, ప్లేస్టేషన్ అకౌంట్ తప్పనిసరి అన్నందుకు. సోనీ వెనక్కి తగ్గింది కూడా. "పూర్తిగా ఆడకుండా రివ్యూ రాయకూడదు" అంటారు. వంద గంటల గేమ్‌ని వారం ముందు ఇస్తే ఎంతవరకు ఆడారో రాస్తే చాలు, దాచడమే తప్పు.

ఆ వాయిస్ మెసేజ్ విన్నప్పటి నుంచి నా ప్రతి రివ్యూ పైన మూడు లైన్లుంటాయి: ఏ వెర్షన్, ఏ సిస్టమ్, ఎన్ని గంటలు. నాలుగు జీబీ కార్డున్న పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇందుకోసమే అట్టిపెట్టుకున్నాను, ప్రతి పెద్ద గేమూ కనీసం గంట దాని మీద ఆడి చూస్తాను. ఎప్పుడైనా ఆ మూడు లైన్లు కనపడకపోతే నిలదీసి అడగండి. మీ కార్డు పేరు, ర్యామ్ ఎంతో, గేమ్ తెరిచి ఎంతసేపయిందో రాసి పంపితే, గడువు ఉండగానే జవాబిస్తాను.